రెస్టారెంటుకు ఆటోమేటిక్ తలుపు: లాభం ఏ తలుపు దగ్గర మొదలవుతుంది?

మీ ప్రశ్నను కుదించి చెప్పుకుంటే ఇదీ. నడుస్తున్న రెస్టారెంటును కొత్తగా తీర్చిదిద్దుతున్నారు. వీధి వైపున్న గాజు తలుపును తీసేసి, మనిషి రాకను గుర్తించి దానంతట అదే పక్కకు జరిగే తలుపు పెట్టించమని కాంట్రాక్టరు సలహా ఇచ్చారు. చూడటానికి హుందాగా ఉంటుందని, ఏసీ ఖర్చు తగ్గుతుందని, చేతులు తగలవు కాబట్టి శుభ్రత పెరుగుతుందని మూడు లాభాలు చూపించారు. వీటిలో నిజమెంత, అంత ఖర్చు పెట్టడం తగునా అన్నది మీ సందేహం. తలుపులు అమర్చడం, వాటి మరమ్మతులు చూడటం చాలా ఏళ్లుగా నా వృత్తి. అందులో రెస్టారెంట్ల పని ఎక్కువ. నా అభిప్రాయం ఏమిటంటే, లాభాలు నిజమే గాని వాటి ప్రాధాన్యం మీ కాంట్రాక్టరు చెప్పిన వరుసలో లేదు, మొదట డబ్బు పెట్టవలసిన చోటు కూడా బహుశా వీధి తలుపు కాదు.

ఈ తలుపు చరిత్రలోనే మీ ప్రశ్నకు సగం జవాబు ఉంది. 1931లో అమెరికాలోని స్టాన్లీ వర్క్స్ అనే పనిముట్ల సంస్థలో పనిచేసే హొరేస్ రేమండ్, షెల్డన్ రాబీ అనే ఇంజనీర్లు కాంతి కిరణానికి మనిషి అడ్డు రాగానే తలుపు తెరిపించే పరికరాన్ని రూపొందించారు. దాన్ని కనెక్టికట్ రాష్ట్రంలోని వెస్ట్ హేవెన్‌లో ఒక రెస్టారెంటులోనే బిగించారు. అతిథులను ఆకట్టుకోవడం దాని ఉద్దేశం కాదు. పళ్ళాలు, పానీయాలు మోసుకుంటూ తిరిగే పరిచారికల చేతులకు తలుపు తెరిచే పని తప్పించడమే. రెండు చేతులూ నిండిన మనిషికి తలుపు ఒక అడ్డంకి అన్న గమనిక నుంచి పుట్టిన వస్తువు ఇది. అందువల్ల మీ రెస్టారెంటులో నిండిన చేతులతో ఎక్కువసార్లు దాటే తలుపు ఏదో ముందు చూడాలి. దాదాపు ప్రతిచోటా అది వంటగదికీ భోజనశాలకూ మధ్య ఉన్న తలుపే.

రద్దీ వేళ ఆ తలుపు దగ్గర కాసేపు నిలబడి చూడండి. ట్రే ఎత్తుకున్న సర్వరు తలుపు దాకా నేరుగా నడిచి వచ్చి, అక్కడ వెనక్కి తిరిగి, వీపుతో రెక్కను నెట్టుకుంటూ వెనకడుగులతో హాలులోకి వస్తాడు. ఆ రెండు మూడు అడుగుల్లో తన వెనుక ఎవరున్నారో అతనికి కనిపించదు. ట్రేలోని వేడి ద్రవం ఒక అంచుకు ఒరుగుతుంది. సరిగ్గా అప్పుడే ఖాళీ పళ్ళాలతో వచ్చే మరొకరు అదే రెక్కను ఇటు నుంచి నెడతారు. రెక్క కింది భాగాన బూట్లతో తన్నిన నల్లటి మరకలు, ఒకవైపు వాలిన కీళ్ళు, భుజం తగిలే ఎత్తులో పెచ్చులూడిన రంగు: ఆ తలుపు ఎలా వాడబడుతోందో అవే చెబుతాయి. ఈ బాధ పడలేక చాలాచోట్ల తలుపుకు స్టూలో డబ్బానో అడ్డం పెట్టి రోజంతా తెరిచే ఉంచుతారు. అప్పుడు పొగ, వాసన, గిన్నెల చప్పుడు హాలులోకి వస్తాయి. అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. వంటగదికీ హాలుకూ మధ్య మంటలను ఆపే తలుపు ఉండాలని భవన నిబంధనలు కోరిన చోట, అడ్డం పెట్టి తెరిచి ఉంచిన తలుపు నిప్పు రేగిన రోజున ఉండీ లేనట్టే.

ఇక్కడ ఆటోమేటిక్ తలుపు చేసే మేలు లెక్కకు అందేది: పగిలే పాత్రలు తగ్గుతాయి, ఢీకొనడాలు తగ్గుతాయి, సర్వరు ముందుకు చూస్తూ అదే వేగంతో నడవగలుగుతాడు, మనిషి దాటగానే తలుపు తనంతట తాను మూసుకుంటుంది. గోడ పక్కన రెక్క జరగడానికి చోటుంటే స్లైడింగ్ తలుపునే ఎంచుకోండి, ఎందుకంటే జరిగే రెక్క ఎవరి మీదికీ విసురుగా రాదు. చోటు లేకపోతే వెళ్ళేందుకు ఒకటి, వచ్చేందుకు ఒకటి చొప్పున రెండు స్వింగ్ తలుపులు (కీళ్ళ మీద తిరిగి తెరుచుకునేవి), వాటిలో కంటి ఎత్తున గాజు కిటికీలు, వాటికి మోటార్లు. దారి రెండుగా విడదీయకుండా ఒకే స్వింగ్ తలుపుకు మోటారు బిగిస్తే, ఇదివరకు మనిషి కొట్టిన దెబ్బను ఇకపై యంత్రం కొడుతుంది, అంతే తేడా.

వంటగది తలుపుకు సెన్సర్ ఎంత దూరం నుంచి మనిషిని చూడాలన్నది చాలామంది పట్టించుకోని విషయం. చెరో 60 సెంటీమీటర్లు జరిగే రెండు రెక్కల తలుపును ఊహించుకోండి. రెక్క సెకనుకు అర మీటరు వేగంతో జరిగితే పూర్తిగా తెరుచుకోవడానికి 1.2 సెకన్లు పడుతుంది. చురుగ్గా నడిచే మనిషి సెకనుకు సుమారు 1.4 మీటర్లు నడుస్తాడు కాబట్టి ఆలోపు 1.7 మీటర్లు దాటేస్తాడు. అంటే సెన్సర్ కనీసం రెండు మీటర్ల దూరం నుంచే స్పందించాలి. లేకపోతే సర్వరు ప్రతిసారీ తలుపు ముందు ఒక క్షణం ఆగవలసి వస్తుంది, కొన్ని రోజులకే ఆ తలుపును తిట్టుకోవడం మొదలవుతుంది. అలాగని దూరం మరీ పెంచితే, తలుపు పక్కగా నడిచే ప్రతివారికీ అది తెరుచుకుంటుంది. చెయ్యి ఊపితే తెరుచుకునే స్విచ్చులు చూడముచ్చటగా ఉంటాయి గాని ట్రే మోసేవాడికి ఊపడానికి చెయ్యెక్కడిది? అక్కడ కదలికను పట్టే సెన్సర్ గాని, పాదం ఎత్తున ఉండే సెన్సర్ గాని కావాలి.

వంటగది వాతావరణం ఈ పరికరాలకు అనుకూలమైనది కాదు. నూనె ఆవిరి సెన్సర్ అద్దం మీద పొరలా పేరుకుంటుంది, కాబట్టి దాన్ని తుడవడం రోజువారీ శుభ్రతలో భాగం కావాలి. పరారుణ కిరణాలతో పనిచేసే సెన్సర్లు మెరిసే స్టీలు బల్లల నుంచి, తడి నేల నుంచి వచ్చే ప్రతిఫలనాలకు తికమకపడవచ్చు. రేడియో తరంగాలతో కదలికను పట్టే రాడార్ సెన్సర్లేమో పలుచని చెక్క గోడల అవతలి కదలికను కూడా పసిగట్టి, ఎవరూ లేకుండానే తలుపు తెరుస్తాయి. రెండింటిలో ఏది ఎక్కడ పెట్టాలన్నది కాగితం మీద నిర్ణయించే విషయం కాదు, ఆ చోట పరీక్షించి చూసుకోవాలి.

ఇక వీధి తలుపు సంగతికి వస్తాను. ఇక్కడ ముందుగా తెలుసుకోవలసింది తలుపు గురించి కాదు, మీ వంటగది ఎగ్జాస్ట్ గురించి. పొయ్యిల మీది హుడ్ నిరంతరం గాలిని బయటికి లాగేస్తుంది. అంత గాలినీ తిరిగి లోపలికి పంపే ఫ్రెష్ ఎయిర్ ఏర్పాటు సరిపడా లేకపోతే, భవనం లోపలి పీడనం బయటికన్నా తగ్గి, ఆ లోటు గాలి తలుపు సందుల్లోంచి వస్తుంది. చాలా రెస్టారెంట్లలో వీధి తలుపు లాగడానికి బరువుగా ఉండటానికి, సందుల్లో ఈల వేసినట్టు శబ్దం రావడానికి కారణం ఇదే. రెండు చదరపు మీటర్ల తలుపు మీద పీడనంలో తేడా 30 పాస్కళ్ళే ఉందనుకుందాం. రెక్క మీద 60 న్యూటన్ల బలం పడుతుంది. కీళ్ళకు దూరంగా ఉన్న హ్యాండిల్ దగ్గర లాగాలంటే అందులో సగం, అంటే మూడు కిలోల బరువును ఎత్తినంత బలం కావాలి. తలుపుకు ఉండే స్ప్రింగు బిగువు దీనికి అదనం. వికలాంగులు సులువుగా వాడగలిగేలా అమెరికా పెట్టిన అందుబాటు ప్రమాణాలు లోపలి కీలు తలుపులకు విధించిన పరిమితి 22 న్యూటన్లని, అంటే సుమారు రెండుంపావు కిలోల బరువని గుర్తుంచుకుంటే, వృద్ధులు మీ తలుపు దగ్గర ఎందుకు తడబడతారో అర్థమవుతుంది.

అలాంటి చోట స్లైడింగ్ ఆటోమేటిక్ తలుపు పెడితే బరువు సమస్య ఒక్క దెబ్బతో పోతుంది, ఎందుకంటే ఆ తలుపు పీడనానికి ఎదురు వెళ్ళదు, పక్కకు జరుగుతుంది. కానీ గాలి లోటు అలాగే ఉంటుంది. పైగా పూర్తిగా తెరుచుకున్న ద్వారంలోంచి బయటి వేడి, దుమ్ము, ఈగలు ఇదివరకటి కన్నా సులువుగా లోపలికి వస్తాయి. 10 పాస్కళ్ళ తేడా ఉన్నా, తలుపు తెరిచిన తొలి క్షణంలో గాలి సెకనుకు 4 మీటర్ల వేగం అందుకోగలదు. తలుపు దగ్గరి బల్లల మీద కాగితపు రుమాళ్ళు ఎగిరితే తప్పు తలుపుది కాదు, హుడ్‌ది. అందుకే నా దగ్గరికి వచ్చేవారికి మొదట చెప్పేది ఇది: ఎగ్జాస్ట్ పూర్తిగా నడుస్తున్నప్పుడు తలుపును కొద్దిగా తెరిచి, ఆ సందు దగ్గర సన్నని కాగితపు పట్టీ పట్టుకుని చూడండి. అది గట్టిగా లోపలికి వంగితే, తలుపు కన్నా ముందు గాలి సంగతి సరిచేయించండి.

ఏసీ ఖర్చు తగ్గుతుందన్న మాటను ఈ వెలుగులో చూడాలి. జనం తలుపు వేయకుండా వెళ్ళిపోయే చోట, లేదా తలుపును రోజంతా తెరిచే ఉంచే చోట, ఆటోమేటిక్ తలుపు తప్పకుండా ఆదా చేస్తుంది. కానీ మంచి స్ప్రింగుతో వెంటనే మూసుకునే, అంచులు బిగుతుగా ఉన్న మామూలు తలుపుతో పోలిస్తే, ఒక్క మనిషికి కూడా పూర్తిగా తెరుచుకుని కొన్ని సెకన్లు ఆగే స్లైడింగ్ తలుపు ఎక్కువ గాలిని లోపలికి వదలవచ్చు. దాని అంచుల బిగువు కూడా సాధారణంగా తక్కువే. తేడా అంతా సర్దుబాట్లలో ఉంది. తెరిచి ఉంచే వ్యవధి తగ్గించాలి. జనం పలుచగా ఉన్నప్పుడు సగమే తెరుచుకునే అమరిక వాడాలి. వీధిలో అడ్డంగా నడిచిపోయేవారిని వదిలేసి, తలుపు వైపు వచ్చేవారికే స్పందించే దిశ తెలిసిన రాడార్ పెట్టాలి. చోటుంటే రెండు తలుపుల మధ్య చిన్న నడవా అన్నింటికన్నా మేలు. అయితే ఆ రెండింటి మధ్య దూరం రెండు మీటర్లకు పైగా ఉండాలి, లేకపోతే రెండూ ఒకేసారి తెరుచుకుని నడవా ఉన్న ప్రయోజనమే పోతుంది. చోటు లేనివారికి ఎయిర్ కర్టెన్, అంటే ద్వారానికి అడ్డంగా గాలి తెరను ఊదే ఫ్యాను, కొంత ఊరట. అది తలుపుతో పాటు ఆన్ అయ్యి తలుపుతో పాటు ఆగాలి.

వీధి తలుపు దగ్గర రెస్టారెంట్లకే ప్రత్యేకమైన ఇబ్బంది మరొకటి ఉంది, కాంట్రాక్టర్లు దాన్ని ముందుగా చెప్పడం అరుదు. బల్ల ఖాళీ కోసం ఎదురుచూసేవారు తలుపు దగ్గరే గుమిగూడతారు. వారిలో ఒకరు అటూ ఇటూ అడుగు వేసిన ప్రతిసారీ తలుపు తెరుచుకుంటుంది, మూసుకోబోయి మళ్ళీ తెరుచుకుంటుంది. పిల్లలైతే దాన్ని ఆటగా మార్చేస్తారు. దీనికి మందు సెన్సర్‌లో కొంత, కుర్చీల అమరికలో ఎక్కువ. ఎదురుచూసేవారి కుర్చీలను, పేర్లు రాసుకునే బల్లను సెన్సర్ పరిధికి అవతల పెట్టండి. పార్సిళ్ళు తీసుకెళ్ళేవారికి వేరే కిటికీ ఉంటే సగం రాకపోకలు తలుపు దాకా రావు.

వీధి తలుపు వల్ల నిజమైన, వాదనకు తావులేని లాభం మనుషుల రాకపోకల సౌలభ్యం. చక్రాల కుర్చీలో ఉన్న మనిషి తనవైపు తెరుచుకునే తలుపును లాగాలంటే, ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని, మరో చేత్తో చక్రాన్ని వెనక్కి తిప్పుతూ, రెక్క దారికి అడ్డు తప్పుకోవాలి. ఊతకర్ర పట్టుకున్నవారికి, నిద్రపోతున్న పాపను భుజాన వేసుకున్నవారికి, చంటిబిడ్డల బండి తోసేవారికి ఇదే అవస్థ మరో రూపంలో ఉంటుంది. ఎవరినీ సాయం అడగనవసరం లేకుండా లోపలికి రాగలగడం వారికి ఎంత విలువైనదో, ఎప్పుడూ సులువుగా వచ్చేవారికి తట్టదు. ద్వారం వెడల్పు మాత్రం మరిచిపోకండి. అమెరికా ప్రమాణాల ప్రకారం తలుపు తెరిచాక అడ్డు లేని వెడల్పు కనీసం 815 మిల్లీమీటర్లు ఉండాలి. నన్నడిగితే రెస్టారెంటుకు అంతకన్నా ఎక్కువే ఉండటం మంచిది. గడప ఎత్తుగా ఉంటే మోటారు పెట్టినా ఉపయోగం లేదు. బలమైన గాలి వీచే వీధిలో కూడా స్లైడింగ్ తలుపుదే పైచేయి. గాలులకు పేరుపడ్డ టెక్సస్‌లోని కార్పస్ క్రిస్టీలో స్వింగ్ తలుపులు పడే పాట్లు చూసే లూ హ్యూవిట్, డీ హార్టన్‌లు 1954లో స్లైడింగ్ ఆటోమేటిక్ తలుపు ఆలోచన చేశారు.

శుభ్రత విషయంలో మీ కాంట్రాక్టరు మాట సగం నిజం. వాంతులు, విరేచనాలు కలిగించే నోరోవైరస్ వంటివి కలుషితమైన చేతుల ద్వారా, చేతులు తగిలిన వస్తువుల ద్వారా వ్యాపిస్తాయన్నది వాస్తవం. కానీ వీధి తలుపు హ్యాండిల్ తాకిన అతిథి, ఆ తర్వాత కుర్చీ, బల్ల, మెనూ కార్డు అన్నీ తాకుతాడు. ఆ ఒక్క హ్యాండిల్ తీసేసినంత మాత్రాన పెద్ద మార్పు రాదు. మార్పు వచ్చే చోటు మరుగుదొడ్డి తలుపు. చేతులు కడుక్కున్నాక తాకే మొదటి వస్తువు అదే, అంతకుముందు కడుక్కోని చేతులెన్నో దాన్నే పట్టుకుని ఉంటాయి. అక్కడ నెమ్మదిగా తెరుచుకునే తక్కువ శక్తి మోటారు సరిపోతుంది. ఉన్న తలుపు మీదే దాన్ని బిగించవచ్చు. తెరుచుకోవడానికి మూడు సెకన్లో అంతకన్నా ఎక్కువో తీసుకుంటుంది, చెయ్యి అడ్డం పెడితే ఆగిపోతుంది. అదే మోటారును వంటగది తలుపుకు పెడితే మాత్రం ఆ నిదానం ఎవరూ భరించలేరు. వంటగదిలోకి వెళ్ళే పనివారి చేతులూ కడగడం తప్పనిసరే, తలుపు దానికి బదులు కాదు.

భద్రత విషయంలో బేరాలు పనికిరావు. రాడార్ కదలికనే చూస్తుంది. ద్వారం మధ్యలో కదలకుండా నిలబడిన మనిషి దానికి కనిపించడు. అందువల్ల తలుపు దారిలో మనిషి ఉన్నాడా లేదా అని చూసే పరారుణ సెన్సర్ విడిగా ఉండాలి. యూరప్‌లో ఈఎన్ 16005 అనే ప్రమాణం ఈ జాగ్రత్తలన్నీ వివరంగా చెబుతుంది; మీ దేశంలో అమలులో ఉన్న ప్రమాణం ఏదో, ఆ తలుపు దానికి తగినట్టుందని రాతపూర్వకంగా ఎవరు ఇస్తారో అడగండి. గాజు దెబ్బకు పెంకులుగా కాక చిన్న ముక్కలుగా విడిపోయే టెంపర్డ్ గాజై ఉండాలి, దాని మీద కంటి ఎత్తున స్పష్టమైన గుర్తులుండాలి. స్వింగ్ తలుపైతే కీళ్ళ వైపు సందులో పిల్లల వేళ్ళు పడకుండా రక్షణ పట్టీ కావాలి. కరెంటు పోతే తలుపును చేత్తో తోయగలగాలి లేదా బ్యాటరీతో అది తెరుచుకోవాలి. అత్యవసర సమయంలో రెక్కలను బయటికి నెడితే కీలు మీద తెరుచుకునే రకం ఉంది. బయటికి వెళ్ళే ప్రధాన మార్గం అదే అయితే ఆ రకమే తీసుకోండి. ఫైర్ అలారం మోగినప్పుడు వీధి తలుపు తెరుచుకోవాలి, వంటగది అగ్నినిరోధక తలుపు మూసుకోవాలి. ఈ రెండూ ఒకదానికొకటి వ్యతిరేకమని గుర్తు పెట్టుకుని వైరింగ్ చేయించాలి. రాత్రి కట్టేసే వేళ బయటివారికి తెరుచుకోకుండా, లోపలివారు మాత్రం వెళ్ళగలిగే అమరిక దాదాపు అన్ని తలుపులకూ ఉంటుంది. దాన్ని సిబ్బందికి నేర్పించాలి.

హుందా గురించి ఒక్క మాట. అతిథిని ఒక మనిషి తలుపు దగ్గరే పలకరించి లోపలికి తీసుకెళ్ళే పద్ధతి మీదైతే, లేదా చక్కటి పాత కలప తలుపు మీ ముఖద్వారమైతే, దాన్ని తీసేయాలని నేననను. బల్లలు కొన్నే ఉన్న చిన్న చోటికి కూడా వీధి ఆటోమేటిక్ తలుపు పెట్టుబడికి తగ్గ ఫలితం ఇవ్వదు. ఆరుబయట కూడా బల్లలు వేసి, సర్వర్లు ఆ తలుపు గుండానే ట్రేలతో తిరిగే పక్షంలో లెక్క మారుతుంది. అప్పుడది అతిథి తలుపూ, పనివారి తలుపూ కూడా.

కాబట్టి మీ స్థానంలో నేనుంటే ముందు గాలి లోటు పరీక్షిస్తాను, తర్వాత వంటగది తలుపు, ఆపైన మరుగుదొడ్డికి తక్కువ శక్తి మోటారు, మిగిలిన డబ్బును బట్టి వీధి తలుపు. ఉన్న తలుపు మీద మోటారు బిగించాలనుకుంటే ముందు కీళ్ళు, చట్రం గట్టిగా ఉన్నాయో లేదో చూపించుకోండి. వాలిన తలుపుకు మోటారు పెడితే కాలిపోయేది మోటారే. ధర మాట్లాడేటప్పుడు తలుపు వెల ఒక్కటే కాకుండా, ఏటా నిపుణుడి తనిఖీ, బెల్టులు, రోలర్లు, బ్యాటరీ మార్చే ఖర్చు కూడా చేర్చి అడగండి. ప్రతి ఉదయం మీ మనిషొకరు రెండు వైపుల నుంచీ నడిచి చూడటం, మూసుకునే దారిలో నిలబడి అది ఆగుతుందో లేదో గమనించడం, కింది పట్టాలో చేరిన చెత్త తీయడం, గుమ్మం ముందు చాప ముడతలు పడకుండా బిగించి ఉందో లేదో చూడటం మీ బాధ్యత. ఒప్పందంలో ఇంకొక షరతు రాయించుకోండి: తలుపు బిగించిన రోజున ఖాళీ హాలులో చేసిన సర్దుబాటుతో పని అయిపోయినట్టు కాదు, తెరిచాక ఒక రద్దీ పూట సాంకేతిక నిపుణుడు మళ్ళీ వచ్చి, జనం మధ్య నిలబడి సెన్సర్ పరిధినీ, తెరిచి ఉంచే వ్యవధినీ సరిచేశాకే చివరి వాయిదా చెల్లిస్తారని.